ఐసు బండి దారి

అనెస్తిస్ కవాలా అనే రేవు ఊళ్లో ఎన్నో ఏళ్లుగా కారు నడపడం నేర్పుతున్నాడు. ఊళ్లో తిరిగే సగం మంది డ్రైవర్లను రోడ్డు మీదికి వదిలిన పాపం తనదేనని అతనే ఒప్పుకుంటాడు. అతని కారుకి బ్రేకులు రెండు వైపులా ఉంటాయి. నేర్చుకునేవాళ్ల కాళ్ల దగ్గర ఒకటి, పక్క సీట్లో గురువుగారి కాళ్ల దగ్గర ఒకటి. ఆ శనివారం పొద్దున ఆ గురువుగారి సీట్లో వాళ్లమ్మ పొలిక్సేని ఎక్కి కూర్చుంది. వెనక సీట్లోకి వెళ్లమంటే వినిపించుకోలేదు.

"అమ్మా, ఆ పెడల్ మీద కాలు పెట్టకు. అది నిజంగా పనిచేస్తుంది."

"పనిచెయ్యనిదాని మీద కాలెందుకు పెడతాన్రా?"

వెనకాల కూర్చున్న చెల్లెలు థొమాయి కిసుక్కున నవ్వింది. థొమాయికి రేవు దగ్గర ఆడవాళ్ల జుట్టు కత్తిరించే దుకాణం ఉంది. ఆవేళ దాన్ని మూసేసి వచ్చింది. ఒళ్లో సంచి, సంచిలో నీళ్ల సీసా, అమ్మ మాత్రలు, దూది ఉండ. దూది చెవుల్లో పెట్టుకోవడానికి.

విషయం ఏమిటంటే, పొలిక్సేనికి దిష్టి తీయడం వచ్చు. వచ్చు అనాలో, ఒకప్పుడు వచ్చేది అనాలో ఇప్పుడు తెలియడం లేదు. గొడవంతా అక్కడే ఉంది. కోటకింద పేటలో ఎవరికి తలనొప్పి వచ్చినా, ఏ పసిపిల్ల పాలు తాగకుండా గుక్కపట్టి ఏడ్చినా, ముందు ఆవిడ తలుపే తట్టేవారు. పళ్లెంలో నీళ్లు పోసి, దీపపు నూనె చుక్క వేసి చూసేది. నుదుటి మీద చెయ్యి వేసి, సిలువ గుర్తు పెట్టి, పెదవులు మాత్రమే కదిలేట్టుగా ఏవో మాటలు అనేది. దిష్టి గట్టిదైతే ఆవిడకే ఆవలింతలు వచ్చి కళ్లవెంట నీళ్లు కారేవి. ఓడల మీద పనిచేసే కుర్రాళ్లు సింగపూర్ రేవు నుంచి ఫోను చేస్తే ఫోనులోనే తీసి పెట్టేది.

ఆ మాటలు ఎవరికి పడితే వాళ్లకి చెప్పకూడదు. మగవాడు ఆడదానికి చెప్పాలి, ఆడది మగవాడికి చెప్పాలి. ఆడది ఆడదానికి చెప్పిందో, మాట చచ్చిపోతుంది. ఆ మాటలేమిటో ఈ కథ చెప్పేవాళ్లకీ తెలియదు. తెలిసినా రాసేవాళ్లం కాదు. చదివేవాళ్లలో ఆడవాళ్లూ ఉంటారు, మగవాళ్లూ ఉంటారు, ఎవరికి చెల్లుతుందో ఎవరికి చెడుతుందో.

థొమాయికి ఆ విద్య మీద చిన్నప్పటినుంచి ప్రాణం. అనెస్తిస్‌కి దాని మీద ఇసుమంత నమ్మకం లేదు. "తలనొప్పికి మాత్ర ఉంది కదా, మంత్రం ఎందుకు?" అంటాడు. నమ్మేది ఆడదై పుట్టింది, నమ్మనివాడు మగవాడై పుట్టాడు. నేర్చుకోరా అని తల్లి అడిగినప్పుడల్లా నవ్వి వాయిదా వేశాడు. వాయిదా వేస్తుండగానే తల్లికి మతిమరుపు మొదలైంది.

పోయిన వసంతంలో పక్కింటి కొత్తకోడలు నుదురు పట్టుకుని వచ్చింది. పొలిక్సేని ఆ అమ్మాయి నుదుటి మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది. పెదవులు కదల్లేదు. "ఇవాళ ఒంట్లో బాగాలేదమ్మా, రేపు రా" అని పంపేసి, వంటింట్లో చీకట్లో కూర్చుంది. మనవల పేర్లు మరిచిపోయినప్పుడు కూడా ఏడవని మనిషి ఆవేళ వెక్కివెక్కి ఏడ్చింది.

"మా మామగారు నా చేతిలో పెట్టిందిరా. నాతోనే పోతుంది. పైకి వెళ్లాక ఆయనకి ఏమని చెప్పుకోను?"

ఆ ఏడుపుతో అనెస్తిస్ దిగొచ్చాడు. నమ్మకం రాలేదుగాని, అమ్మ ముఖం చూడలేకపోయాడు. చెప్పమ్మా, నేర్చుకుంటాను అన్నాడు. తీరా చూస్తే చెప్పడానికి ఆవిడకి ఒక్క ముక్క గుర్తులేదు. ఎవరికైనా నిజంగా దిష్టి తగిలితే మాటలు వాటంతటవే వస్తాయేమోనని థొమాయి ఎర్రగౌను వేసుకుని, పెదాలకి రంగు పూసుకుని, చేపల బజారులో అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగింది. ఒక్కరు కూడా కళ్లెత్తి చూడలేదు. ఇంటికొచ్చి ఆ అవమానానికి తలనొప్పి తెచ్చుకుంది. అది దిష్టి కాదు, కోపం అని తల్లి తేల్చేసింది.

దారి అనుకోకుండా దొరికింది. పోయిన వారం అనెస్తిస్ ఒక్కడే ఆవిడని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంటే, ఊరి నడుమ పాతకాలపు నీళ్ల కాలువను మోస్తున్న ఆ ఎత్తైన రాతి కమానుల కింద పొలిక్సేని పెడల్ మీద కాలేసి గట్టిగా తొక్కింది. కారు కీచుమని ఆగింది. వెనక బస్సువాడు తిట్టని తిట్టు లేదు. ఆవిడ మాత్రం పైన రాళ్లవైపు చూస్తూ, దిష్టి మాటల్లో మొదటి ముక్క గడగడా చెప్పేసింది. చెప్పి, "మామగారు ఇక్కడే చెప్పారు. బండి మీద" అంది.

అప్పుడు బయటపడింది. మామగారు లాజరోస్ మూడు చక్రాల మోటారు బండి మీద ఐసు వేసేవాడు. రేవు పక్కన ఫ్యాక్టరీలో దిమ్మలు ఎత్తించుకుని, పైన తడి గోనెలు కప్పి, సముద్రం ఒడ్డునే పెరామోస్ దాకా కాఫీ కొట్లకీ చేపల పడవలకీ ఇచ్చుకుంటూ వెళ్లేవాడు. ఇంట్లో పెళ్లికాని కూతుళ్లు, చెల్లెళ్లు, గోడకొక చెవి. వాళ్ల నోట్లో నువ్వుగింజ నానదని ఆయనకి తెలుసు. అందుకని కొత్తకోడల్ని సాయానికని బండెక్కించుకుని, ఒక వేసవంతా తిప్పుతూ, ఆగిన చోటల్లా ఒక్కో ముక్క చెప్పాడు. ఆవిడ మాటల్ని ఇంట్లో నేర్చుకోలేదు, దారిలో నేర్చుకుంది. ఇంట్లో వెతికితే ఎలా దొరుకుతాయి?

అందుకే ఈ శనివారం ప్రయాణం.

పాత ఐసు ఫ్యాక్టరీ ఉన్నచోట ఇప్పుడు కార్లు నిలుపుతున్నారు. అక్కడినుంచి బయల్దేరి కమానుల కిందుగా వెళ్లి, పొగాకు గోదాముల వీధిలోకి తిరిగారు. ఆ గోదాముల్లో కొన్ని కూలిపోయాయి, కొన్నిటికి రంగులేసి బట్టల దుకాణాలు పెట్టారు. పొలిక్సేని అద్దం దించి ముక్కు బయట పెట్టింది.

"వాసన లేదేం?"

"పొగాకు ఎప్పుడో పోయిందమ్మా."

"సాయంత్రం అయిదింటికి ఈ తలుపుల్లోంచి ఆడపిల్లలు బయటికొచ్చేవాళ్లు. ఒళ్లంతా పసుప్పచ్చటి దుమ్ము. దగ్గుతూ నవ్వేవాళ్లు. మామగారు ఐసు పెచ్చులు కొట్టి వాళ్లకి ఊరికే ఇచ్చేవారు. 'ఓ లాజరోస్ మామా, మీ కోడల్ని మాకివ్వు, మా పక్కన కూర్చోబెట్టుకుంటాం' అని అరిచేవాళ్లు." ఆవిడ గొంతు కన్నెపిల్ల గొంతులా పలికింది. అలా అంటూనే కాలితో బ్రేకు నొక్కింది.

కారు ఆగింది. పొలిక్సేని చెయ్యెత్తి, "థొమాయీ, దిగు" అంది.

థొమాయి దూది చెవుల్లో కుక్కుకుని, దిగి, అవతలి కాలిబాట మీద నిలబడి, అది చాలదన్నట్టు గట్టిగా పాట అందుకుంది. నలుగురు పోగయ్యారు. విదేశీయుడొకడు ఫొటో తీసుకున్నాడు. కారులో పొలిక్సేని కొడుకు చెవి దగ్గర నోరు పెట్టి రెండో ముక్క చెప్పింది.

"అను."

అన్నాడు.

"తప్పు. నోట్లో రాయేమైనా పెట్టుకున్నావా?"

మళ్లీ అన్నాడు.

"మళ్లీ తప్పు! ఊరందరికీ పాఠాలు చెప్తావు, నీకు చెప్తే మాత్రం ఎక్కదు."

ఇన్నేళ్లలో ఎన్ని వందల మందిని తను ఇలాగే విసుక్కున్నాడో గుర్తొచ్చి అనెస్తిస్‌కి నవ్వొచ్చింది. నవ్వితే ఇంకో చీవాటు పడింది. చివరికి సరిగ్గా పలికాడు. ఆవిడ తృప్తిగా తలూపి, రోడ్డవతలి కూతుర్ని రమ్మని సైగ చేసింది. పాట నిజంగానే బాగా కుదిరిందేమో, థొమాయి చరణం పూర్తి చేసిగాని రాలేదు.

ఊరు దాటాక సముద్రం ఎడమ చేతికి వచ్చింది. దూరంగా థాసోస్ ద్వీపం నీలంగా పడుకుని ఉంది. కలమిత్సా ఇసుక మీద జనం గొడుగులు పాతుకుంటున్నారు. పొలిక్సేని ఒక్కో మలుపుకీ ఎవరో ఒకరిని తలుచుకుంది. ఇక్కడ ఒంటికన్ను కాఫీవాడు, ఆ పక్కన పుచ్చకాయలమ్మే అక్కచెల్లెళ్లు. వాళ్లలో చిన్నదాన్ని మీ నాన్న చేసుకోవాల్సింది, నేను అడ్డుపడ్డాను. పిల్లలిద్దరూ ఎన్నడూ వినని కబుర్లు. నిన్న తిన్నదేమిటో చెప్పలేని మనిషి యాభై ఏళ్లనాటి ఐసు దిమ్మ ఎవరి గుమ్మంలో ఎంత కరిగిందో చెబుతోంది. అద్దంలో చెల్లెలి కళ్లు చూసి అనెస్తిస్ చూపు తిప్పుకున్నాడు. ఈ దారి అయిపోకూడదని ఇద్దరికీ అనిపించింది.

ఇరాక్లిత్సా వచ్చింది. మూడో ముక్క అక్కడే చెప్పారంది. కానీ ఆవిడ కాలు బ్రేకు మీద పడలేదు. ఊరి ఈ చివరినుంచి ఆ చివరికి వెళ్లారు. వెనక్కి తిరిగి మళ్లీ వచ్చారు. ఎటు చూసినా హోటళ్లు, అద్దె గదులు, గాలితో ఊదిన బాతుబొమ్మలు.

"ఇది కాదురా. ఇది ఏ ఊరు?"

"ఇరాక్లిత్సాయేనమ్మా."

"అబద్ధం. నన్నెక్కడికో తీసుకొచ్చేశారు."  ఆవిడ తన చేతిసంచి గట్టిగా పట్టుకుని తలుపువైపు జరిగింది. "మామగారు ఎదురుచూస్తుంటారు. ఇంటికి తీసుకెళ్లండి."

"ఇక చాలన్నయ్యా," అంది థొమాయి మెల్లిగా. "వచ్చినంత వచ్చింది. బాధపెట్టొద్దు."

ఎప్పుడూ కావాలన్నది ఆమె, వద్దన్నది అతను. ఇప్పుడు అతనికే మనసొప్పలేదు. స్టీరింగు మీద వేళ్లు కొడుతూ ఆలోచించాడు. బళ్ల సంగతి అతనికి బాగా తెలుసు. ఐసు ఎత్తిన మూడు చక్రాల బండి ఏపాటి పరిగెడుతుంది? తను నడిపే వేగంలో అమ్మకి ఆ చోటు కనబడేలోపే దాటిపోతోంది.

ఊరి బయటికి పోయి, కొత్త రోడ్డు వదిలి, కొండ పక్కన పాత రోడ్డెక్కాడు. అద్దాలన్నీ దించాడు. మొదటి గేరులో, నడిచే మనిషి దాటిపోగలిగేటంత నెమ్మదిగా పోనిచ్చాడు. ఇంజను మూలిగింది. వెనక బళ్లు బారులు తీరి హారన్లు మోగించాయి. ఒకడు పక్కనుంచి దాటుతూ తల బయట పెట్టాడు. పోయినేడు అనెస్తిస్ దగ్గర నేర్చుకున్నవాడే.

"మాస్టారూ! మీ కారుకి రెండో గేరు కూడా ఉందండీ!"

"నువ్వు పరీక్షలో రెండుసార్లు తప్పావు, నోర్మూసుకుని పో!"

ఆ నవ్వులు, తిట్లు, ఇంజను మూలుగు నడుమ పొలిక్సేని సంచి మీద పట్టు వదిలింది. కళ్లు మూసుకుని ఒళ్లు ముందుకీ వెనక్కీ ఊపింది. చిన్న ఎత్తు దగ్గర, కొట్టూ లేదు ఇల్లూ లేదు, అడివి ఆలివు చెట్లు మాత్రం ఉన్న ఒక వంపులో, బ్రేకు మీద కాలు పడింది.

"ఇక్కడ బండి ఎక్కేది కాదు," అంది. "నేను దిగి వెనకనుంచి తోసేదాన్ని. కడుపుతో ఉన్నానని మామగారికి చెప్పలేదు, సిగ్గేసి. ఆవేళ ఇక్కడే కళ్లు తిరిగి పడిపోయాను. ఆయన ఐసు ముక్క నా నుదుటి మీద పెట్టి, చెయ్యి వేసి, అప్పుడే ఈ ముక్క చెప్పారు." కొడుకువైపు తిరిగింది. "ఆ కడుపులో ఉన్నది నువ్వేరా."

అనెస్తిస్ చెవి ఆవిడ నోటి దగ్గరికి వంచాడు. థొమాయి ఎవరూ చెప్పకుండానే దిగి దూరంగా నడిచింది. ఈసారి పాట పాడలేదు.

చివరి ముక్క పెరామోస్‌లో, నీళ్లలోకి పొడుచుకొచ్చిన రాతిగడ్డ మీది పాత కోటగోడ నీడలో దొరికింది. అక్కడ వెతుక్కోవలసిన పనే లేకపోయింది. కోట బురుజు కనబడగానే ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. కారు ఆగేలోపు మాటలు తన చెవిన పడతాయేమోనని థొమాయి కదులుతున్న కారులోంచి దూకినంత పని చేసింది. అనెస్తిస్ నాలుగు ముక్కలూ కలిపి, మొదటినుంచి చివరిదాకా, ఒక్క తడబాటు లేకుండా అప్పజెప్పాడు. పొలిక్సేని కొడుకు తల దగ్గరికి లాక్కుని ముద్దుపెట్టుకుంది.

"హమ్మయ్య. ఇప్పుడు నేను పోయినా ఫరవాలేదు."

"ముందు భోజనానికి పోదాం పదమ్మా," అన్నాడు.

రేవు ఒడ్డున వేయించిన చిన్నచేపలు, టమాటాలు, రొట్టె తిన్నారు. పొలిక్సేని తనకి వద్దని చెప్పిన సారా పిల్లలిద్దరి గ్లాసుల్లోంచీ తాగింది. పక్క బల్లల వాళ్లు, ఎంత కళగా ఉందో ఈ పెద్దావిడ, ఎంత చక్కటి నవ్వో అని మురిసిపోయారు. "థూ థూ అనండమ్మా, దిష్టి తగులుతుంది" అని థొమాయి వాళ్లమీద విరుచుకుపడింది. ఆ పూట ఆవిడ నిజంగానే కళగా ఉంది.

తిరుగు ప్రయాణంలో ఎండ మండిపోయింది. పాలియో ఊరు దాటేసరికి పొలిక్సేని మాటలు తగ్గాయి. తల సీటుకి ఆనించి, "తల బద్దలైపోతోంది" అంది. మాత్ర ఇస్తే మింగలేదు. నుదుటి మీద చెమట పట్టింది.

"అంతమంది కళ్లు పడ్డాయి," అంది థొమాయి. "అన్నయ్యా, నీకిప్పుడు వచ్చు కదా."

అనెస్తిస్ కారు పక్కకి తీసి ఆపాడు. ఎవరైనా చూస్తారేమోనని అటూ ఇటూ చూశాడు. తర్వాత తల్లి నుదుటి మీద చెయ్యి వేసి, సిలువ గుర్తు పెట్టి, పెదవులు మాత్రమే కదిలేట్టుగా నాలుగు ముక్కలూ అన్నాడు. రెండో ముక్క దాటకముందే ఆవలింత వచ్చింది. తిండి ఎక్కువైంది అనుకున్నాడు. మూడో ముక్కకి ఇంకొకటి, దవడ నొప్పిపుట్టేంత. చివరికి వచ్చేసరికి కళ్లవెంట నీళ్లు ధారలు కట్టాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

కాసేపటికి ఆవిడ కళ్లు తెరిచింది. ముఖం తేటబడింది. అతన్ని పరకాయించి చూసింది.

"హాయిగా ఉంది బాబూ. చెయ్యి చల్లగా ఉంది నీది. ఇది నీకెవరు చెప్పారు?"

 వెనకనుంచి థొమాయి "అమ్మా" అనబోయింది. అనెస్తిస్ చెయ్యెత్తి ఆపాడు.

"ఒకావిడ చెప్పిందండి," అన్నాడు. "ఐసు బండి లాజరోస్ గారి కోడలు."

"అయ్యో, ఎరగనా? కడుపుతో ఉండి బండి తోసేది, పిచ్చిపిల్ల." ఆవిడ నవ్వింది. "బాగుందా ఆ అమ్మాయి?"

"బాగుందండి."

"మంచి విద్య చెప్పింది నీకు. నాకూ ఇలాంటిది నేర్చుకోవాలని ఎప్పటినుంచో ఆశ. ఎవరూ చెప్పలేదు." వేళ్లు నలుపుకుంది. తర్వాత బెరుగ్గా అడిగింది, "నువ్వు మగవాడివి, నేను ఆడదాన్ని. చెప్పొచ్చు కదా? తప్పు లేదు కదా?"

"తప్పేం లేదండి."

వెనక తలుపు గడియ చప్పుడైంది. పొద్దుటినుంచి అలవాటైన పనే, థొమాయి దిగబోతోంది.

"నువ్వెక్కడికే?" అన్నాడు అనెస్తిస్. "చెప్పేది నేను. కూర్చో."

ఆమె తలుపు మళ్లీ మూసింది. చెవుల్లో పెట్టుకోబోయిన దూది సంచిలో పడేసి ముందు సీట్ల మధ్యకి వంగింది. తల్లి తల పక్కన ఆమె తల. అనెస్తిస్ గొంతు సవరించుకుని మొదటి ముక్క చెప్పాడు. కొత్తగా కారెక్కిన పిల్లలకి చెప్పినట్టు నిదానంగా, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. పొలిక్సేని విన్నది విన్నట్టు వెంటనే పలికింది, ఒక్క అక్షరం పొల్లుపోలేదు. థొమాయి సగం దాకా అని, ఏడుపు ముంచుకొచ్చి ఆగిపోయింది.

పొలిక్సేని వెనక్కి తిరిగి ఆమె చెంప నిమిరింది.

"ఏడవకమ్మా, వస్తుందిలే. ఈ అమ్మాయికి కాస్త మతిమరుపులా ఉంది బాబూ. మాకోసం ఇంకోసారి చెప్పు."

అనెస్తిస్ మళ్లీ మొదటినుంచి చెప్పాడు.